దారి మూసుకుపోయినా టీబీ మందు ఆగకూడదు: అడవి సరిహద్దులో పనిచేసేవాళ్లకు

తాలిపేరు వాగు అవతలి నుంచి వచ్చిన ఒకాయన ఒకసారి చొక్కా జేబులోంచి గోలీల అట్ట తీసి నా ముందు పెట్టాడు. గూళ్లన్నీ పగిలి ఉన్నాయి, ఒక్కటి తప్ప. ఆ ఒక్క గోలీని పదకొండు రోజులుగా దాచుకున్నాడట. ‘అదీ మింగేస్తే మొత్తం అయిపోయినట్టే గదా సారూ’ అన్నాడు. ఆయన బరువుకి రోజుకి మూడు గోలీలు పడాలి. అంటే దాచుకున్నది ఒక పూట మందు కూడా కాదు.

ఆ పదకొండు రోజులూ వాళ్ల ఊరి చుట్టూ కూంబింగ్ జరుగుతోంది. ఊళ్లోంచి ఎవరూ కదల్లేదు. మన పీహెచ్‌సీ అలమారాలో మాత్రం మందు నిండుగా ఉంది. రోగి తప్పు లేదు, మందు కొరతా లేదు. దారి ఎప్పుడూ తెరిచే ఉంటుందన్న ధీమాతో మేం చికిత్స నడిపాం, తప్పంతా అక్కడుంది.

భద్రాద్రి కొత్తగూడెం, ములుగు, అల్లూరి సీతారామరాజు జిల్లాల సరిహద్దు మండలాల్లోనూ, అవతల ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా, బీజాపూర్ వైపూ టీబీ పని చూసే డాక్టర్లు, సూపర్‌వైజర్లు, ఏఎన్ఎంలు, ఆశాలు, స్వచ్ఛంద సంస్థల వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక దక్షిణ బస్తర్‌లో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలాదిమంది గొత్తికోయ ఆదివాసులు అప్పటి ఖమ్మం, వరంగల్ జిల్లాల అడవుల్లోకి వచ్చి గుడిసెలు వేసుకున్నారు. వాళ్ల చుట్టాలు నేటికీ రెండు వైపులా ఉన్నారు, రాకపోకలూ ఆగలేదు. టీబీ చికిత్సేమో ఆరు నెలలు. ఒక్కచోట ఆరు నెలలు కుదురుగా ఉండలేని మనిషికి ఆ చికిత్స పూర్తి చేయించాలంటే, మనిషి ఎటు కదిలితే మందూ అటు కదిలేలా ముందే ఏర్పాటు ఉండాలి.

1. ముందు ఒక క్యాలెండర్ గీయండి

రోగుల జాబితా కంటే ముందు చేయాల్సిన పని ఇది. పెద్ద చార్టు పేపర్ మీద పన్నెండు నెలలూ గీసి, మనుషులు ఊళ్లో ఉండని రోజులు ఒక రంగుతో, మీరు ఊళ్లోకి వెళ్లలేని రోజులు ఇంకో రంగుతో నింపండి.

జనవరి నుంచి మార్చి దాకా మిరప ఏరడానికి అవతలి నుంచి కూలీలు మన చేలకు వస్తారు. కుటుంబాలకు కుటుంబాలు చేను గట్టు మీదే పట్టాలు కట్టుకుని ఉంటాయి. ఆ తర్వాత ఇప్పపువ్వు, వేసవిలో తునికాకు. తెల్లవారుజామునే అడవిలోకి వెళ్లేవాళ్లు మీరు పది గంటలకు వెళ్తే ఎలా దొరుకుతారు? వానాకాలంలో వాగులు పొంగి నడకదారి కూడా ఉండదు. వీటికి తోడు బంద్ పిలుపులు. ఏళ్ల తరబడి జూలై 28 నుంచి ఆగస్టు 3 దాకా మావోయిస్టుల అమరవీరుల వారోత్సవాలు, డిసెంబర్ 2 నుంచి 8 దాకా వాళ్ల సాయుధ దళమైన పీఎల్‌జీఏ వారోత్సవాలు అంటే లోపలి రూట్లలో బస్సులు ఆగిపోయేవి, తనిఖీలు పెరిగేవి. ఎన్నికలప్పుడూ ఇదే పరిస్థితి.

క్యాలెండర్ మీరొక్కరే కూర్చుని గీయకండి. ఆశాని, ఊరి పటేల్‌ని, ట్రాలీ ఆటో నడిపే కుర్రాడిని పిలవండి. ఏ వాగు ఏ వానకు పొంగుతుందో ఆటో నడిపేవాడికి తెలిసినంతగా జిల్లా ఆఫీసులో ఎవరికీ తెలీదు. చార్టు పూర్తయ్యాక ఆశ్చర్యమేస్తుంది. ఏడాదిలో ‘మామూలు’ నెలలు నాలుగైదు కూడా మిగలవు. కాబట్టి మామూలు నెలలను చూసుకుని వేసుకున్న పద్ధతి ఇక్కడ పనికిరాదు.

2. మీరెవరో అందరికీ ఒకే మాట చెప్పండి

ఘర్షణ ఉన్నచోట ఆరోగ్య కార్యకర్తను రెండు వైపులా అనుమానంగానే చూస్తారు. ఇన్‌ఫార్మర్ అని ఒకరు, వాళ్లకు మందులు మోస్తున్నాడని ఇంకొకరు. ఈ టెన్షన్ పూర్తిగా పోదు కానీ తగ్గించుకోవచ్చు.

పోలీసులకు, పంచాయతీకి, ఊరి పెద్దలకు ఒకే మాట చెప్పండి: దగ్గు, జ్వరం ఉన్న ఎవరికైనా పరీక్ష చేస్తాం, మందిస్తాం, ఎవరు ఎవరని అడగం. ఏ రోజు ఏ ఊరికి వెళ్తారో ముందే చెప్పండి. ఆ రోజే వెళ్లండి, చెప్పని ఊరికి వెళ్లకండి. ఆయుధాలున్నవాళ్ల బండి ఎక్కకండి, వాళ్లను మీ బండిలో ఎక్కించుకోకండి. ఆకుపచ్చ, ఖాకీ బట్టలు, ఆ రంగు బ్యాగులు మానేయండి. ఫోటోలు తీయకండి. ఊరికి ఎవరొచ్చారు, ఎటెళ్లారు అన్న మాట రోగి తనంతట తాను చెప్పబోయినా ‘అది మాకొద్దు అన్నా, దగ్గు సంగతి చెప్పు’ అని ఆపేయండి. వినకపోతే తర్వాత ఎవరైనా అడిగినా చెప్పడానికి మీ దగ్గర ఏమీ ఉండదు.

ఇది జరిగే పనేనా అని సందేహించేవాళ్లు శ్రీలంక వైపు చూడాలి. అక్కడ 1983 నుంచి 2009 దాకా అంతర్యుద్ధం సాగింది. 1999లో మలేరియా కేసులు 2,60,000 దాటాయి. యుద్ధం నడుస్తుండగానే ఉత్తర, తూర్పు ప్రాంతాలకు దోమతెరలు, మందులు, సంచార పరీక్షా బృందాలు చేరుతూనే ఉన్నాయి. జ్వరం తమ మనుషులకూ వస్తుంది కాబట్టి పోరాడుతున్న ఇరుపక్షాలూ ఆ పనిని సాగనిచ్చాయి. 2012 తర్వాత మూడేళ్లకు పైగా అక్కడే అంటుకున్న మలేరియా కేసు ఒక్కటీ రాలేదు. 2016 సెప్టెంబర్‌లో ప్రపంచ ఆరోగ్య సంస్థ శ్రీలంకను మలేరియా లేని దేశంగా ప్రకటించింది.

3. రోగిని కాదు, తెమడను ప్రయాణం చేయించండి

రెండు వారాలకు మించి దగ్గు ఉన్నవాణ్ణి ‘భద్రాచలం వెళ్లి పరీక్ష చేయించుకో’ అంటే ఆ రోజు కూలీ పోతుంది, చార్జీలు పోతాయి, దారిలో ఆధార్ అడిగితే భయం. అతను వెళ్లడు. అదే వారం సంతకు మాత్రం తప్పకుండా వస్తాడు. కాబట్టి సంతలో ఒక చెట్టు కింద మీ బల్ల పెట్టండి, ప్రతి వారం అదే చెట్టు కింద. అక్కడే దగ్గు అడగండి, జ్వరం ఉంటే మలేరియా కిట్ పరీక్ష అప్పటికప్పుడు చేయండి. 2020లో మొదలైన మలేరియా ముక్త్ బస్తర్ కార్యక్రమంలో జ్వరం లేనివాళ్లకు కూడా ఇంటింటికీ వెళ్లి రక్తపరీక్ష చేశారు. ఆ బృందాలతో టీబీ దగ్గు కూడా అడిగిస్తే ఒక్క నడకతో రెండు పనులవుతాయి.

డబ్బా ఇచ్చి, పొద్దున లేవగానే లోపలి నుంచి దగ్గి తీసిన తెమడ కావాలని చెప్పండి. మాటతో చెప్తే చాలదు, ఎలా దగ్గాలో మీరే దగ్గి చూపించండి. చాలామంది ఉమ్మి ఇచ్చేస్తారు, పరీక్ష వృథా అవుతుంది. తెమడను పరీక్షించే ట్రూనాట్ యంత్రం బ్యాటరీ మీద నడుస్తుంది, కరెంటు నమ్మకం లేని పీహెచ్‌సీలో కూడా పెట్టొచ్చు. జబ్బు ఉందో లేదో చెప్పడమే కాదు, రిఫాంపిసిన్ మందుకు లొంగుతుందో లేదో కూడా చెప్తుంది. ఆ రెండో జవాబు చాలా అవసరం. మధ్యమధ్యలో మందు ఆగిన చోటే మొండి టీబీ పుడుతుంది.

4. మొదటి రోజు అరగంట ఇవ్వండి

బరువు తూచండి. 35 నుంచి 49 కిలోల మధ్య ఉంటే రోజుకి మూడు గోలీలు, 50 నుంచి 64 అయితే నాలుగు. మొదటి రెండు నెలలు నాలుగు మందుల కలయిక, తర్వాతి నాలుగు నెలలు మూడు మందుల కలయిక. మొత్తం 168 రోజుల మందు.

ఆ తర్వాత మూత్రం సంగతి చెప్పండి. రిఫాంపిసిన్ వల్ల మూత్రం ఎర్రగా, నారింజ రంగులో వస్తుంది. ఈ ఒక్క మాట చెప్పకపోవడం వల్ల మందు మానేసినవాళ్లను నేను చూశాను. ఒకామె నెత్తురు పడుతోందని భయపడి గోలీలు చూరులో దోపి, ఊరి పూజారి వడ్డె దగ్గర పూజ చేయించుకుంది. తప్పు ఆమెది కాదు, చెప్పనివాళ్లది. ‘రంగు మారితే మందు లోపల పనిచేస్తున్నట్టు, భయపడొద్దు’ అని కోయలోనే చెప్పించండి. తెలుగులో మీరు చెప్తే తల ఊపుతారు, అర్థమైనట్టు కాదు. వడ్డెతో కూడా మాట్లాడండి. పూజ ఆపమని అడగొద్దు, పూజతో పాటు గోలీ మింగమని ఆయన నోటితో చెప్పమని అడగండి.

ప్రమాద సూచనలు మూడే మూడు నేర్పండి: కళ్లు పచ్చబడటం, ఆగని వాంతులు, చూపు మసకబారటం. వీటిలో ఏది కనిపించినా మందు ఆపి వెంటనే రావాలి లేదా కబురు చేయాలి.

చిరునామా ఒకటి సరిపోదు, మూడు రాసుకోండి. ఇప్పుడున్న ఊరు, గొడవైతే పోయే ఊరు, కూలీకి పోయే ఊరు. రెండోది అడగడం ఇబ్బందిగా ఉంటుంది. ‘ఊరు విడవాల్సి వస్తే ఎవరింటికి పోతావు?’ అని మెల్లగా అడిగితే చెప్తారు. ఈ చిరునామాలు టీబీ రోగుల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ నిక్షయ్ పోర్టల్‌లో కాదు, మీ దగ్గరున్న చిన్న పుస్తకంలో ఉండాలి. ఆ పుస్తకం పోతే ఎవరికీ అపాయం రాకుండా పేర్ల బదులు నంబర్లు వాడండి.

5. పారిపోయే సంచి

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. దక్షిణ సూడాన్‌లో యాంబియో దగ్గర హెచ్‌ఐవీ చికిత్స నడిపిన డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ అనే వైద్య సంస్థ వాళ్లు రోగులకు అదనపు మందు ముందే ఇచ్చి ఉంచారు. కాల్పులు మొదలైతే రోగి పిల్లల్ని, ఆ సంచిని తీసుకుని అడవిలోకి పరుగెత్తొచ్చు, మందు ఆగదు. ఈ ఆలోచనను మన టీబీకి ఇలా మార్చుకోవచ్చు.

మొదటి రెండు వారాలు గోలీ మీ కళ్ల ముందో ఆశా కళ్ల ముందో మింగించండి. వాంతులు, పచ్చకామెర్లు లేవని తేలాక నెల మందు చేతికివ్వండి. దానితో పాటు విడిగా ఇంకో నెల మందు మూసిన సంచిలో పెట్టండి. 42 కిలోల మనిషికి 28 రోజులకు 84 గోలీలు. అంటే అతని ఇంట్లో వాడేవి 84, దాచినవి 84. జూన్‌లో, పెద్ద బంద్‌లకు ముందు, మిరప పనికి కదిలేముందు దాచినవాటిని రెండు నెలలకు పెంచండి. జిల్లా టీబీ అధికారి దగ్గర ఇందుకు రాతపూర్వక అనుమతి తీసుకోండి. ఆ కాగితం లేకపోతే రేపు స్టాక్ లెక్కలో మీ ఫార్మసిస్టు ఇరుక్కుంటాడు.

సంచి ఎలా ఉండాలి? మందపాటి ప్లాస్టిక్ కవర్లో అట్టలు, దాన్ని బిగుతు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో, ఆ డబ్బాను భుజానికి తగిలించుకునే గుడ్డ సంచిలో. గుడిసెలో రెండు శత్రువులు: పొయ్యి వేడి, వాన తడి. చూరు కింద కాదు, పొయ్యి దగ్గరా కాదు, ధాన్యం గాదె పక్కన అయితే ఎలుకలు. నేను చూసినంతలో బాగా పనిచేసింది, నీళ్ల సొరబుర్ర వేలాడే గుంజకే ఈ సంచినీ తగిలించడం. ఎక్కడికి కదిలినా సొరబుర్రను మరిచిపోరు, చెయ్యి దానికోసం వెళ్లినప్పుడు సంచి కూడా తగులుతుంది.

డబ్బాలో ఒక కాగితం పెట్టండి, తెలుగులోనూ హిందీలోనూ: ఇది టీబీ మందు, ఫలానా తేదీన మొదలైంది, రోజుకి ఇన్ని గోలీలు, నిక్షయ్ నంబర్ ఇది, దయచేసి కొనసాగించండి. సంతకం, పీహెచ్‌సీ ముద్ర ఉండాలి. తనిఖీలో ఇన్ని గోలీలు ఎవరికని అడిగితే ఈ కాగితమే రోగిని కాపాడుతుంది. మందు ఎక్కువగా కనిపించడమే నేరంలా చూసే చోట ఇది చిన్న విషయం కాదు.

దాచిన మందు పాతబడకూడదు. ప్రతి నెలా కొత్త అట్టలు దాచే డబ్బాలోకి, పాతవి వాడకంలోకి. మీ పీహెచ్‌సీ స్టాక్ కూడా ఒక్కచోటే ఉంచకండి. వాగు అవతలి సబ్ సెంటర్లో కొంత, మిరప చేలకు దగ్గరున్న సబ్ సెంటర్లో కొంత పెట్టండి. నెలలో ఒకసారి మీరే వెళ్లి చేత్తో లెక్కపెట్టండి, రిజిస్టర్ నమ్మి ఊరుకోకండి.

మొండి టీబీకి ఇప్పుడు ఆరు నెలల నోటి మందులే వచ్చాయి, ఇంజెక్షన్లు లేవు. ఇది పెద్ద ఊరట. కానీ వాటికి ఈసీజీ, రక్త పరీక్షలు కావాలి, కాబట్టి అంత పెద్ద సంచి ఇచ్చి పంపేయకండి. ఆ రోగికి మొదటి నెలలు రోడ్డు పక్క ఊళ్లో చుట్టాల ఇంట్లో ఉండే ఏర్పాటు చూడండి.

6. మనిషి కనిపించకపోతే

మందు తీసుకోవాల్సిన రోజు దాటి మూడు రోజులైతే వెతకడం మొదలుపెట్టండి. జాతీయ కార్యక్రమం లెక్కలో వరుసగా నెల రోజులు ఆగితేనే చికిత్స వదిలేసినట్టు రాస్తారు, కానీ మీరు ఆ నెలంతా చూస్తూ కూర్చోకూడదు. ముందు ఆశా, తర్వాత సంతలో ఆ ఊరివాళ్లు, ఆ తర్వాత మీ పుస్తకంలోని రెండో, మూడో చిరునామాలు. అడిగేటప్పుడు టీబీ అనే మాట వాడకండి. ‘మన మనిషికి మా దగ్గర ఒక సంచి ఉంది’ అంటే చాలు.

2007 చివర్లో కెన్యాలో ఎన్నికల తర్వాత హింస చెలరేగినప్పుడు, పశ్చిమ ప్రాంతంలో హెచ్‌ఐవీ చికిత్స నడిపేవాళ్లు ఒక ఫోన్ లైన్ పెట్టారు. చెల్లాచెదురైన రోగులు ఎక్కడికి వెళ్లి మందు తీసుకోవాలో దాని ద్వారా చెప్పారు. మనకూ జాతీయ టీబీ హెల్ప్‌లైన్ ఉంది: 1800-11-6666. కానీ అడవిలో ఆ నంబర్ గుర్తుండదు, సిగ్నల్ ఉండదు. మీ పీహెచ్‌సీలో ఒక్క మనిషి నంబర్‌ను, ఎప్పటికీ మారని నంబర్‌ను, డబ్బా మూత మీద చెరగని ఇంకుతో రాయండి.

మనిషి సుక్మాలోనో కుంటలోనో తేలితే నిక్షయ్‌లో బదిలీ నొక్కి వదిలేయకండి. అక్కడి టీబీ సూపర్‌వైజర్‌కి ఫోన్ చేసి, ‘మా మనిషి వచ్చాడు, ఇంతవరకు ఇన్ని రోజుల మందు మింగాడు’ అని నోటితో చెప్పండి. రోగి వాళ్ల దగ్గర మొదటి గోలీ మింగాడని కబురు వచ్చేదాకా ఆ పేరు మీ బాధ్యతే. రెండు రాష్ట్రాల మధ్య తిరిగేవాళ్లు ఎక్కువగా ఈ సందులోనే చికిత్సకు దూరమైపోతారు. అవతలి మితానిన్ల పేర్లు, ఫోన్లు ముందే సంపాదించి పెట్టుకోండి. మన దగ్గర ఆశా చేసే పనే అక్కడ మితానిన్ చేస్తుంది.

తిరిగొచ్చిన మనిషిని తిట్టకండి. ‘ఎందుకు మానేశావు’ కాదు, ‘ఇన్నాళ్లు ఎక్కడున్నావు, తిన్నావా’ అని మొదలుపెట్టండి. నెల దాటి ఆగి ఉంటే పాత గోలీలే కొనసాగించకుండా తెమడ మళ్లీ ట్రూనాట్‌కి పంపండి, ఆ తర్వాతే ఏ మందో తేల్చండి.

7. తిండి, డబ్బు

ఖాళీ కడుపున ఈ గోలీలు పడితే తిప్పేస్తుంది, మనిషి మానేస్తాడు. నిక్షయ్ పోషణ్ యోజన కింద 2018 నుంచి నెలకి 500 రూపాయలు ఇచ్చేవారు, 2024 నవంబర్ నుంచి అది 1000 అయింది. గిరిజన ప్రాంత రోగులకు ప్రయాణ ఖర్చుగా ఒకసారి ఇచ్చే 750 కూడా ఉంది. ఇవి బ్యాంకు ఖాతాలోకే పడతాయి. వలస వచ్చిన గొత్తికోయల్లో ఆధార్, ఖాతా లేనివాళ్లు ఇంకా ఉన్నారు. ఖాతా తెరిపించడానికి గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ, తపాలా ఆఫీసు చుట్టూ తిరగడం మీ ఉద్యోగంలో భాగమే అనుకోండి. ఈలోపు రోగులకు తిండి సాయం చేసే దాతలైన నిక్షయ్ మిత్రల ఆహార బుట్టను ఖాతా లేనివాళ్లకు మొదట పంపించండి. అంబలి తాగాక గోలీ మింగితే చాలు, పెద్ద భోజనమే అక్కర్లేదని చెప్పండి.

8. ఇంట్లో మిగతావాళ్లు, మీ ఆశా

ఒకే గుడిసెలో ఉన్నవాళ్లకు టీబీ జబ్బు లేదని తేలాక, జబ్బు రాకుండా వారానికోసారి చొప్పున 12 వారాలు వేసే మందు ఉంది. రోజూ ఆరు నెలలు వేసే పాత పద్ధతి కంటే ఇది ఇక్కడ ఎంతో మేలు, సంత రోజున గుర్తుపెట్టుకుని మింగొచ్చు.

ఆశాని ఒంటరిగా పంపకండి, సాయంత్రం తర్వాత పంపకండి. భయమేస్తోందని ఆమె అంటే ఆ రోజు పని ఆపేయండి, కారణం అడగకండి. దారి బందై మీటింగుకి రాలేదని ఆమె పారితోషికం కోస్తే, తర్వాత సంచి మోసేవాళ్లు మీకు దొరకరు.

9. నెలకోసారి మూడు లెక్కలు

పెద్ద రిపోర్టులు ఎలాగూ పైకి పంపాల్సిందే. మీ కోసం మాత్రం మూడే చూడండి. ఈ నెల దారి మూసుకున్న రోజులెన్ని? ఆ రోజుల్లో మందు మింగినవాళ్లెందరు? దాచిన సంచి తెరిచినవాళ్లెందరు? సంచి ఎక్కువగా తెరిచిన ఊళ్లకు వచ్చే నెల ముందుగా వెళ్లండి.

ఇప్పుడు మే నెల అయితే మీ దగ్గర మూడు నాలుగు వారాలే ఉన్నాయి. వాగు పొంగే ఊళ్ల పేర్లు ఈ రోజే రాసుకుని, ఒక్కో రోగికి ఎన్ని గోలీలు కావాలో లెక్కకట్టి, జిల్లాకు ఇండెంట్ పెట్టండి. జూన్ మొదటి వారం సంతలో ఆ సంచులు వాళ్ల చేతికివ్వాలి.